చమురు తవ్వే ముందు అడవిలో ఉన్నవాళ్ళని అడిగేది ఎవరు? (యసుని ఓటు, వావొరాని కేసు, మన నల్లమల)

అడవిచుక్క (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. పోయినవారం వేరే థ్రెడ్‌లో ఒకరు "కింద చమురుందని తెలిశాక ఏ దేశమూ అడవిని వదలదు, అడవి కాపాడుకోవడం అంటూ తిరిగేవాళ్ళది ఉత్త ఆవేశం" అని రాశారు. ఆ మాట నన్ను వదల్లేదు. అక్కడ జవాబిస్తే చర్చ పక్కదారి పడుతుందని ఇక్కడ పెడుతున్నాను.

వదలమని ఓటేసిన దేశం ఉంది. ఈక్వడార్. 2023 ఆగస్టు 20న అధ్యక్ష ఎన్నికతో పాటే అక్కడ జనాన్ని ఒక ప్రశ్న అడిగారు: యసుని జాతీయ పార్కులో 43వ బ్లాకు (చమురు తవ్వకానికి హద్దులు గీసి నంబరు వేసిన ప్రాంతం) చమురును ఎప్పటికీ భూమిలోనే ఉంచేద్దామా? దాదాపు 59 శాతం మంది "ఉంచేద్దాం" అన్నారు. అప్పటికి అక్కడ 2016 నుంచి చమురు తీస్తున్నారు. రోజుకు 50 వేల బ్యారెళ్ళు పైనే, దేశం మొత్తం ఉత్పత్తిలో పదో వంతు కంటే ఎక్కువ. పేద దేశం, అప్పుల్లో ఉన్న దేశం, వస్తున్న ఆదాయాన్ని వద్దనుకుంది.

యసుని అమెజాన్ అడవిలో దాదాపు 10 లక్షల హెక్టార్ల పార్కు. వావొరాని, కిచ్వా ఆదివాసీ జనం ఉంటారు. బయటి ప్రపంచంతో మాకు పని లేదని లోపలే బతుకుతున్న తగాయెరి, తరోమెనానె జనం కూడా అక్కడే ఉన్నారు. వాళ్ళని ఎవరూ వెళ్ళి అడగలేరు. అడగకూడదు కూడా, మన జలుబు చాలు వాళ్ళ ప్రాణం తీయడానికి.

ఈ ఓటు ఊరికే రాలేదు. 2007లో అప్పటి అధ్యక్షుడు రఫాయెల్ కొరెయా ఐక్యరాజ్యసమితిలో ఒక ప్రతిపాదన పెట్టాడు. చమురు తీయం, వచ్చే ఆదాయంలో సగం, అంటే 360 కోట్ల డాలర్లు, ప్రపంచ దేశాలు 13 ఏళ్ళలో ఇవ్వండి అని. 2013 నాటికి చేతికొచ్చింది 1 కోటీ 30 లక్షల డాలర్లు. ఆ ఆగస్టులో ఆయన పథకం రద్దు చేసి తవ్వకానికి దారి తెరిచాడు. అప్పుడు యసూనిదోస్ అనే కుర్రకారు గుంపు ఊరూరా తిరిగి 7 లక్షల 50 వేలకు పైగా సంతకాలు సేకరించింది. ప్రజాభిప్రాయ సేకరణకు కావాల్సిన దానికంటే ఎక్కువే. ఎన్నికల సంఘం సగానికి పైగా సంతకాలు కొట్టేసింది. కాగితం సైజు, పెన్ను ఇంకు లాంటి కారణాలు కూడా చెప్పారు. వాళ్ళు కోర్టుల చుట్టూ తొమ్మిదేళ్ళు తిరిగారు. 2023 మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్‌కి ఒప్పుకుంది.

ఇది ఆవేశమైతే తొమ్మిదేళ్ళు నిలబడుతుందా? మీరంతా ఏమంటారో చెప్పండి.

గోదారిగట్టు (అమలాపురం దగ్గర)

మంచి పోస్టండి. అయితే ఒక సంగతి మీరు రాయలేదు. యసుని పార్కు ఉన్న ఒరెయానా రాష్ట్రంలో మాత్రం ఎక్కువమంది "వద్దు, చమురు తీయడం ఆపకండి" అనే ఓటేశారు. ఆపమన్నది ఎక్కువగా మిగతా దేశం. అడవి పక్కనున్న జనం ఒక మాట అంటే, రాజధానిలో ఉన్నవాళ్ళు ఇంకో మాట అన్నారు. దీన్ని "స్థానికుల గెలుపు" అని ఎలా అంటాం?

తప్పు పట్టడానికి అడగట్లేదు. మా కోనసీమలో ఇదే గొడవ రోజూ చూస్తాం. కింద గ్యాసు, పైన కొబ్బరి తోట. తోట నాది, కింద ఉన్నది ప్రభుత్వానిది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. నేను చిన్నపిల్లాణ్ణి, మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గర. రాత్రిపూట అరుగు మీద లాంతరు అవసరం లేనంత వెలుతురు. పెద్దవాళ్ళు మూటలు కట్టుకుని గుమ్మం దగ్గరే పెట్టుకుని పడుకునేవారు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి ఊరు ఊరే కాలిపోయింది, ఇరవై మందికి పైగా పోయారు. ఇంత జరిగినా రిగ్గు వస్తోందంటే మా ఊళ్ళో కొంతమంది సంతోషిస్తారు. డ్రైవరు పని, వాచ్‌మన్ పని, క్యాంటీన్ కాంట్రాక్టు. వాళ్ళని ఏమనగలం? పొలం మీద రూపాయి మిగలని మనిషికి జీతం కనిపిస్తుంది కదండీ.

అడవిచుక్క

గోదారిగట్టు గారూ, నిజమే, ఒరెయానాలో మెజారిటీ అటే. నేను దాచిపెట్టాలనుకోలేదు, చర్చకు అసలు గట్టి ప్రశ్న అదే.

నాకు తోచింది చెప్తాను. ఒరెయానా అంతా అడవి జనం కాదు. 1970ల నుంచి చమురు కంపెనీలు వేసిన రోడ్ల వెంట బయట నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామంది. వాళ్ళకి చమురు తప్ప వేరే బతుకుతెరువు ఎవరూ చూపించలేదు. వావొరాని వాళ్ళలోనే రెండు వైపులా ఉన్నారు, కంపెనీ నుంచి బడి, ఆసుపత్రి, జీతం అందిన ఊళ్ళు ఓటింగ్‌కి ఎదురు మాట్లాడాయి. యాభై ఏళ్ళు ఒకే పని చూపించి, ఆ తర్వాత "నీకేం కావాలి" అని అడిగితే మనిషి ఆ పనే అడుగుతాడు. అందుకని అతని ఓటుకి విలువ లేదనడం లేదు. అడగాల్సిన సమయం దాటిపోయాక అడిగారు అంటున్నాను. బావి తవ్వక ముందు, రోడ్డు పడక ముందు అడిగి ఉంటే?

మడ్‌ఇంజనీర్

నేను డ్రిల్లింగ్ రంగంలో పనిచేసేవాణ్ణి. రెండు వైపులా సగం సగం తెలిసి మాట్లాడుకుంటారు కాబట్టి పని ఎలా జరుగుతుందో కాస్త చెప్తాను.

ఇప్పుడు ఒకే ప్యాడ్ (బావుల కోసం చదును చేసిన స్థలం) మీద నుంచి పది, ఇరవై బావులు వాలుగా తవ్వొచ్చు. పైన కొన్ని హెక్టార్లు చాలు, కింద కిలోమీటర్ల దూరం వెళ్ళొచ్చు. ఈక్వడార్ ప్రభుత్వం "పార్కులో వెయ్యో వంతు కూడా వాడం" అన్నది ఈ లెక్కతోనే. 2018లో ఇంకో ఓటింగ్ పెట్టి, తవ్వకానికి అనుమతించిన స్థలాన్ని 1,030 హెక్టార్ల నుంచి 300 హెక్టార్లకి తగ్గించారు కూడా. పాతకాలం పద్ధతితో పోలిస్తే ఇది చాలా మెరుగు, అది ఒప్పుకోవాలి.

కానీ ప్యాడ్ ఒక్కటే లెక్క వేస్తే సరిపోదు. చమురుతో పాటు భూమిలోంచి ఉప్పునీళ్ళు వస్తాయి. బావి పాతబడేకొద్దీ చమురు కంటే నీళ్ళే ఎక్కువ. ఆ నీళ్ళని తిరిగి లోతుకి పంపాలి. పంపు ఆగినా, పైపు కారినా అవి వాగులోకే పోతాయి. దానికి తోడు డ్రిల్లింగ్ మట్టి, మంటల్లో కాల్చే గ్యాసు, రాత్రంతా లైట్లు, జనరేటర్ల మోత. అన్నిటికంటే పెద్దది రోడ్డు. 1990లలో యసుని లోపల మాక్సస్ అనే కంపెనీ ఒక రోడ్డు వేసింది. బయటివాళ్ళు రాకుండా కాపలా పెట్టారు. వాళ్ళు రాలేదు కూడా. కానీ అడవిలో ఉన్నవాళ్ళే రోడ్డు పక్కకి చేరారు, వేట మాంసం సంతకి పోవడం మొదలైంది. ఏ ప్లానులోనూ ఇది రాయరు.

ఓటు గెలిచారు కాబట్టి మర్నాడే మూసేయాలి అనేవాళ్ళకి ఇంకో మాట. బావి మూయడం అంటే వాల్వు తిప్పడం కాదు. లోపలి పైపులు తీసి, పొరపొరకీ సిమెంటు దిగ్గొట్టి, లీకు లేదని పరీక్ష చేయాలి. అక్కడ 240కి పైగా బావులు ఉన్నాయి. కోర్టు ఏడాది గడువిచ్చింది, ఇంజనీరుగా చూస్తే ఏడాదిలో అది అయ్యే పని కాదు.

అడవిచుక్క

చాలా ఉపయోగమండీ. అన్నీ ఏడాదిలో మూతపడవు, సరే. కానీ మొదటి బావి మూసింది గడువు ముగిసే నెలలో, 2024 ఆగస్టులో. మిగతావి 2029 దాకా అంటున్నారు. మొదలుపెట్టడానికే ఏడాది ఎందుకు పట్టింది? సిమెంటు కోసమైతే కాదు కదా. 2025 మార్చిలో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తగాయెరి, తరోమెనానె జనం కేసులో తీర్పు బయటపెట్టింది. జనం వేసిన ఓటుని అమలు చేసి తీరాలని ఈక్వడార్‌కి చెప్పింది. గెలిచిన ఓటుని అమలు చేయమని ఇంకో కోర్టు చెప్పాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

కొత్తగా_చేరా

నమస్తే. నాకు పెద్దగా తెలియదు, చదువుతున్నాను. బావి తవ్వక ముందే అడ్డుకుని గెలిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎలా గెలిచారు?

వకీలు_సత్యం (వరంగల్)

ఉన్నారు. అదే దేశంలో, అదే వావొరాని జనం. నాకు యసుని ఓటు కంటే ఈ కేసే ఎక్కువ ఇష్టం, కాస్త వివరంగా రాస్తాను.

పాస్తాసా రాష్ట్రంలో 22వ బ్లాకు. ప్రభుత్వం వేలం వేయాలనుకుంది. చట్ట ప్రకారం ముందు జనాన్ని సంప్రదించాలి. 2012లో "సంప్రదించాం" అని రికార్డు చేశారు. నిజంగా జరిగింది ఏమిటంటే చిన్న విమానంలో అధికారులు దిగడం, పెద్దలకు అర్థం కాని భాషలో కాసేపు చెప్పడం, సంతకాలు తీసుకుని వెళ్ళిపోవడం. వావొరాని నాయకురాలు నెమోంతె నెంకిమో, వాళ్ళ పెద్దలు కలిసి దీని మీద కేసు వేశారు. విచారణలో సరైన అనువాదకుణ్ణి పెట్టలేదని ఆడవాళ్ళు కోర్టు హాల్లోనే పాట అందుకుని విచారణ ఆపించారు. 2019 ఏప్రిల్ 26న పూయో పట్టణంలో కోర్టు తీర్పు చెప్పింది: ఆ సంప్రదింపు చెల్లదు. దాదాపు 1 లక్షా 80 వేల హెక్టార్ల అడవి వేలం నుంచి బయటపడింది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళినా ఆ జులైలో తీర్పు నిలబడింది.

నన్ను కదిలించింది మాత్రం ఆ ముందు చేసిన పని. కేసుకి ముందు ఏళ్ళ తరబడి వాళ్ళు తమ అడవికి సొంతంగా మ్యాపులు గీసుకున్నారు. ప్రభుత్వం మ్యాపులో అక్కడ ఉన్నది ఖాళీ పచ్చరంగు, మీద బ్లాకు నంబరు. వాళ్ళ మ్యాపులో ఏ వాగు ఎక్కడ, ఏ జంతువు ఎక్కడ నీళ్ళు తాగుతుంది, ఏ మందు చెట్టు ఎక్కడుంది, ఎవరి సమాధి ఎక్కడుంది, అన్నీ ఉన్నాయి. కోర్టులో జడ్జి ముందు "ఇక్కడ ఎవరూ లేరు" అనే మాట ఇక నిలబడలేదు.

అంతకు ముందు సరయాకు అనే కిచ్వా ఊరు ఉంది. అడక్కుండా వాళ్ళ నేలలో చమురు సర్వే కోసం టన్నుకి పైగా పేలుడు పదార్థం పాతిపెట్టారు. 2012 జూన్‌లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఆ ఊరి పక్షాన తీర్పిచ్చింది. వావొరాని కేసుకి దారి వేసింది ఈ ఊరే.

డెన్వర్‌తెలుగు

నేను కొలరాడోలో ఉంటాను, ఇక్కడి సంగతి ఒకటి. అమెరికాలో నేషనల్ ఫారెస్టులు ప్రభుత్వ భూమి. అందులో చమురు, గ్యాసు లీజులు ఇస్తారు. కార్బన్‌డేల్ ఊరి పక్కన థామ్సన్ డివైడ్ అనే ప్రాంతంలో గొడ్లు మేపే రైతులు, వేటగాళ్ళు, ఊరి జనం, ఏ పార్టీ అనేది లేకుండా కలిసి పదిహేనేళ్ళ దాకా పోరాడారు. 2024 ఏప్రిల్‌లో దాదాపు 2 లక్షల 20 వేల ఎకరాల్లో కొత్త లీజులు 20 ఏళ్ళ పాటు ఇవ్వకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

వయోమింగ్‌లో ఇంకోలా జరిగింది. హోబాక్ నది తలభాగంలో, బ్రిడ్జర్-టీటన్ ఫారెస్టులో ఒక కంపెనీ 136 బావులు తవ్వుతానంది. ఊరి జనం వద్దన్నారు, కానీ లీజు అప్పటికే కంపెనీ చేతిలో ఉంది. 2012లో విరాళాలు పోగుచేసి 87 లక్షల 50 వేల డాలర్లిచ్చి 58 వేల ఎకరాల లీజుని కొని రద్దు చేయించారు.

నల్లమల_ఆడబిడ్డ (అచ్చంపేట)

డెన్వర్ అన్నా, మంచిగనే ఉంది కానీ నాకు అది మింగుడు పడలేదు. ఒక్క దాత 42 లక్షల డాలర్లకు పైగా ఇచ్చిన సంగతి నేను కూడా చదివిన. పైసలున్న దోస్తులు ఉన్న అడవి బతికింది. యసునికి ప్రపంచం ఎంత ఇచ్చిందో పైనే ఉంది కదా. మా అడవికి ఎవరిస్తరు?

మా దగ్గర చమురు కాదు, యురేనియం. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో 4 వేల బోర్లు వేసి వెతుకుతమని ప్రతిపాదన. 2019 మేలో కేంద్రంలో అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగ ఒప్పుకుంది. మాకు ఎట్ల తెలిసింది? పేపర్ల చూసి. అదే బాధ. చెంచు పెంటల్లో, అంటే అడవి లోపలి గూడేలల్ల, ఉన్న ముసలోళ్ళకు పేపరు కూడా అందదు. పులి పేరు చెప్పి తేనె తీయనీకి పోతే ఆపే అడవిల, డ్రిల్లు లారీ పోనీకి మాత్రం దారి దొరుకుతదా అని మా అత్త అడిగింది. దానికి ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

అప్పుడు ఊళ్ళన్నీ కదిలినయ్. పిల్లలు, టీచర్లు, దుకాణాలోళ్ళు, చెంచులు. హైదరాబాద్‌ల సినిమావాళ్ళు కూడా మాట్లాడిన్రు. ఆ సెప్టెంబర్ల తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మేము సంబరపడ్డం. కానీ తీర్మానం ఒకటి, చట్టం ఒకటి. రేపు మళ్ళీ వస్తే మా చేతిల ఏముంది? సత్యం సార్, మీరు చెప్పాలె.

వకీలు_సత్యం

అమ్మా, సరైన ప్రశ్న. మీ చేతిలో ఉన్నవి చెప్తాను, చేజారుతున్నవి కూడా చెప్తాను.

ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. వ్యక్తిగత పట్టాల గురించే అందరూ మాట్లాడతారు. దానికంటే బలమైనది సామూహిక అటవీ వనరుల హక్కు. ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవిని కాపాడే అధికారం ఆ ఊరి గ్రామసభదే. దీనికి ఫారం-సి వేయాలి. ఒడిశా నియమగిరి కొండల్లో ఏం జరిగిందో గుర్తుంది కదా. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు "గ్రామసభలే చెప్పాలి" అంది, ఆ జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు, పన్నెండూ, బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందులు కొండ మీద కూర్చుని ఒక్కొక్కరూ లేచి చెప్పిన మాటలు రికార్డులో ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతమైతే గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం, అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 సుప్రీంకోర్టు సమత తీర్పు కూడా తోడుంటాయి.

ఇక చేజారుతున్నవి. అటవీ సంరక్షణ చట్టం కింద 2022లో తెచ్చిన నిబంధనల్లో కేంద్రం ముందే అనుమతి ఇచ్చేయొచ్చు, అటవీ హక్కుల సంగతి రాష్ట్రం తర్వాత చూసుకుంటుంది అన్నట్టు మార్చారు. అదే చట్టానికి 2023లో చేసిన సవరణలో సర్వే, అన్వేషణ, భూకంప తరంగాల సర్వేతో సహా, కేంద్రం పెట్టే షరతుల మీద "అటవీయేతర పని" కిందకి రాకుండా చేయొచ్చన్నారు. అంటే వెతకడానికి బోరు వేసే దశలో అడవి చట్టం అడ్డు పల్చబడింది. చమురు, గ్యాసు అన్వేషణకి పర్యావరణ చట్టం కింద బహిరంగ విచారణ అవసరం లేదని 2020 జనవరిలోనే నోటిఫికేషన్ వచ్చింది.

ఆ ఏడాదే అస్సాంలో ఏం జరిగిందో చూడండి. మేలో దిబ్రు-సైఖోవా జాతీయ పార్కు కింద నుంచి వాలుగా తవ్వడానికి అనుమతి. అదే నెల 27న పార్కు పక్కనే బాఘ్జాన్ బావి అదుపు తప్పింది. జూన్ 9న అంటుకుంది, ఇద్దరు ఫైర్‌మెన్ చనిపోయారు, పూర్తిగా ఆపడానికి నవంబరు అయింది. పక్కనున్న మాగురి బీల్ అనే చిత్తడి సరస్సులో చేపలు పట్టి బతికే జనం నీళ్ళ మీద నూనె తెట్టె చూశారు. డిసెంబరులో గువాహటి హైకోర్టు పార్కు కింద తవ్వకం మీద స్టే ఇచ్చింది.

మడ్‌ఇంజనీర్

సత్యం గారూ, బాఘ్జాన్ గురించి ఒక్క మాట. మా రంగంలో అది వింటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పేలుడు జరగకుండా ఆపే పరికరాన్ని బావి మీద నుంచి ఎప్పుడు తీయాలి అనే దానికి పద్ధతులున్నాయి, తొందరపడితే జరిగేది ఇదే. నేను చమురు వద్దనేవాణ్ణి కాదు. నా ఇల్లు దాని మీదే గడుస్తోంది, మనందరి బండ్లూ దాంతోనే నడుస్తున్నాయి. కానీ జాతీయ పార్కులు, చిత్తడి నేలలు, ఇలాంటి జనం ఉన్న అడవులు మ్యాపులోంచి ముందే తీసేయాలి. వేలం వేశాక "జాగ్రత్తగా తవ్వుతాం" అంటే నాకు నమ్మకం లేదు. జాగ్రత్త ఎంత తీసుకుంటామో లోపలి నుంచి చూసినవాణ్ణి.

గోదారిగట్టు

ఇంజనీరు గారి మాట వింటే ధైర్యమొచ్చిందండి, ఇంతవరకు మా వైపు ఆ రంగం మనిషి ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

సత్యం గారూ, మాది ఏజెన్సీ కాదు, అడవీ కాదు. మా పక్కన కోరింగ మడ అడవి ఉంది గానీ మా ఊళ్ళకి పెసా రాదు, అటవీ హక్కుల చట్టమూ రాదు. మాలాంటి వాళ్ళకి ఏమైనా దారుందా?

వకీలు_సత్యం

మీకు దారి సన్నం, కానీ ఉంది. అన్వేషణ దశలో మిమ్మల్ని అడగరు, అది ఇప్పుడు చట్టమే. దొరికాక, ఉత్పత్తికి బావులు తవ్వే దశలో పర్యావరణ ప్రభావ నివేదిక, బహిరంగ విచారణ ఉంటాయి. ఆ రోజు ఖాళీ చేతులతో వెళ్ళకండి. అన్వేషణ అప్పుడు పడ్డ షరతులేమిటి, వాటిలో ఏవి పాటించారు అనేది సమాచార హక్కు కింద ముందే తెప్పించుకోండి. నేల కుంగిన చోట్లు, ఉప్పు తేలిన బోర్లు, ఫొటోలు తేదీతో సహా పంచాయతీ రికార్డులో ఎక్కించండి. నష్టం జరిగాక రుజువు కోసం పరిగెత్తడం కంటే మొదలవక ముందు నీళ్ళు ఎలా ఉన్నాయో కాగితం ఉండటం ముఖ్యం.

నల్లమల ఆడబిడ్డా, మీకు ఫారం-సి తోపాటు పెద్దల వాంగ్మూలం, ఊరి హద్దుల మ్యాపు కావాలి. గ్రామసభలో సగం మంది హాజరు, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. లేకపోతే అదే లోపం చూపించి కొట్టేస్తారు. సంతకాల కాగితం సైజు గొడవ పైన చదివారుగా.

నల్లమల_ఆడబిడ్డ

మ్యాపు పని మేము చేస్తం సార్. ఫోన్ల జీపీఎస్ పెట్టుకుని తిరిగే పోరగాండ్లు ఉన్నరు, ఏ గుండం ఎక్కడ, ఏ తేనె బండ ఎవరిది అని చెప్పే పెద్దోళ్ళు ఇంకా ఉన్నరు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలె, పెద్దోళ్ళు ఉన్నప్పుడే. ఒక డౌటు: పెంటలన్నీ కలిపి ఒక్క ఫారం వేయాల్నా, ఏ పెంటకు ఆ పెంట వేరేగ వేయాల్నా?

వకీలు_సత్యం

ఏ పెంటకి ఆ పెంట గ్రామసభ పెట్టుకుని వేరేగా వేయడమే మేలు. హద్దులు కలిసే చోట రెండు పెంటలూ కలిసి ఒక ఒప్పంద పత్రం రాసుకోండి. నమూనా రేపు ఇదే థ్రెడ్‌లో పెడతాను, అందరికీ పనికొస్తుంది.